వర్లీ చాల్ నుండి దేవనార్ కచరా కొండకు

వర్లీ, ప్రభాదేవి చాళ్లల్ల ఉండే మనం కచరాను గల్లీ మలుపు దాకనే చూస్తాం. బండి ఎత్తుకపోయిందంటే పని అయిపోయినట్టే. అది చేరే చోట్లలో ఒకటి చూడాలంటే కుర్లాలో మారి, హార్బర్ లైన్ లోకల్ ఎక్కి గోవండీలో దిగాలి. మొన్న ఆదివారం నేను పోయిన. మా పెద్దమ్మ బిడ్డ కాపురం అక్కడే.

వాళ్ల గల్లీ చివర గోడ, గోడ అవతల కొండ. 1927 నుండి ముంబయి పారేసిన చెత్త అది. పైన గద్దలు తిరుగుతున్నయి. "కిటికీ తీస్తే వాసన, మూస్తే ఉక్క తమ్మీ" అన్నది అక్క.

2016 జనవరిలో ఈ కొండ అంటుకొని, పొగ నగరం మీద కమ్మింది. బడులు కూడా మూయాల్సి వచ్చింది. అన్నం, కూరగాయల తొక్కలు ప్లాస్టిక్ కింద గాలి ఆడక కుళ్లితే మీథేన్ పుడుతుంది. దానికి నిప్పురవ్వ చాలు.

అదే ఏడు ఏప్రిల్‌లో కేంద్రం కొత్త నియమాలు తెచ్చింది. తడి చెత్త, పొడి చెత్త, బల్బులు బ్యాటరీల వంటి ప్రమాదకరమైనవి ఇంట్లనే వేరు చేయాలని అవి చెప్పినయి. రోజుకు 100 కిలోలు దాటే పెద్ద సొసైటీలు తడి చెత్తను తమ దగ్గరే ఎరువు చేసుకోవాలని 2017లో కార్పొరేషన్ చెప్పింది. మన మిల్లులు పోయిన జాగాల్లో లేచిన టవర్లకు అందుకు చోటుంది, పైసలున్నయి. పది అడుగుల ఖోలీలో రెండో డబ్బా పెట్టాలన్నా మనకు ఇరుకే.

మరి నియమం నడుస్తున్నదా? నేను చూసినంతలో సగమే. ధర పలికేది ఎవరూ కలపరు. పేపర్లు, సీసాలు, డబ్బాలు ఏ నియమం రాకముందే రద్దీవాలాకు పోతున్నయి. ధర లేని చిప్స్ కవర్లు, పాచిపోయిన అన్నం దగ్గరే నియమం ఆగిపోతుంది. మనం వేరు చేయనిది కొండ మీద ఆడోళ్లు ఉత్త చేతులతో వేరు చేస్తున్నరు. గాజు పెంకు, సూది గుచ్చుకునేది వాళ్లకే.

పెద్ద ఖర్చేమీ లేదు. పొడి చెత్తకు తలుపు వెనుక మేకుకు ఒక సంచి తగిలిస్తే చాలు. పగిలిన గాజు, బ్లేడు, సూది మందంగా కాగితం చుట్టి బండివాళ్లకు చెప్పి ఇద్దాం. మన చెయ్యి దాటినంక ఇంకో చెయ్యి పడుతుంది కదా.