పత్తర్‌గట్టిలో తెల్ల దుప్పటి

హైదరాబాదులో నయాపూల్ మీదుగా మూసీ దాటి, మదీనా కూడలి నుంచి తిన్నగా చార్మినారు వైపు నడిస్తే దారికి రెండు ప్రక్కలా వరుసగా రాతి కమానులు కనబడతాయి. అదే పత్తర్‌గట్టి. 1908లో మూసీ వరద వేలమందిని పొట్టను పెట్టుకున్న తరువాత నగరాభివృద్ధి బోర్డువారు కట్టించిన బజారు ఇది. 1591 నాటి చార్మినారు ముందు ఇది నిన్న మొన్నటిదే. ముత్యాలకు పెట్టింది పేరు. వంద మైళ్ళ లోపల ఎక్కడా సముద్రం లేని ఊరికి ఆ పేరు రావడం చిత్రం కాదూ!

నాకు ఏ కంపెనీలోనూ కొలువు లేదు. పిలిచినవారి నగలకు ఫోటోలు తీయడం నా వృత్తి. “మీకేమండీ, రోజూ లక్షల బంగారం చేతుల్లో ఆడుతుంది” అంటుంది మా పక్కింటి పిన్నిగారు. ఆడుతుంది, నిజమే. అందులో వీసమెత్తు నాది కాదు. కష్టమంతా అక్కడే వుంది.

“ఇంటికి పట్టుకువెళ్ళి తీరికగా తీసుకురండి” అనే సేఠ్‌లు లేకపోలేదు. నేను ఒప్పుకోను. నా మీద ఆయనకు నమ్మకం వుండవచ్చుగాని, ఆటో బ్రేకుల మీద నాకు లేదు. పైగా షాపువారి ఇన్సూరెన్సు మా ఇంటి గడప దాకా వస్తుందో రాదో పాలసీ కాగితం చూడందే చెప్పలేము. అందుచేత లైట్లూ, స్టాండూ, కెమెరా నేనే మోసుకొని వాళ్ళ మేడ మెట్లెక్కుతాను.

గదిలో నా మొదటి పని ఫ్యాను కట్టేసి, నేల మీద తెల్ల దుప్పటి పరవడం. గచ్చు మీద జారిన కెంపు ఎక్కడికి దొర్లుతుందో బ్రహ్మకైనా తెలియదు. తెల్లబట్ట మీద నెత్తురు చుక్కలాగా కనబడుతుంది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుస్తాను. సాయంకాలం నాలుగు చెరగులూ పట్టి చూచిగాని దుప్పటి మడవను.

తరువాత తూకం. మునీమ్‌గారు తూచి చీటీ వ్రాస్తే ఇద్దరమూ సంతకం పెడతాము. క్యారెట్టు అంటే 200 మిల్లీగ్రాములు గదా, అరక్యారెట్టు రాయి ఊడినా తక్కెడ చెప్పేస్తుంది. బల్ల మీది నగ పెట్టెలోకి వెళితేగాని రెండవది బయటికి రాదు. కొత్త బంగారు నగలకయితే హాల్‌మార్కుతోపాటు అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల సంఖ్య వుంటుంది; 2023 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. కుందన్, జడావు నగలకు ఆ నిర్బంధం లేదు. వాటికి సాక్ష్యం ఫోటోయే. అందుకని మూట విప్పగానే, సింగారమేమీ లేకుండా, ముందూ వెనుకా చెరొక ఫోటో తీసి పెడతాను.

మునీమ్‌గారికి ఇదంతా నవ్వులాట. “నిజాంగారు జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకున్నారు, మీ అవస్థ ఏమిటండీ?” అనేవారు. ఆ వజ్రం 184.75 క్యారెట్లు, అంటే మూడు తులాల పైచిలుకు! దానితో కలిపి 173 నగలను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. రాజులకు సాగిన ధీమా ఫోటోగ్రాఫరుకు సాగదు.

ఒకసారి ఒక షాపులో, ఎవరి పేరు ఎందుకులెండి, బాగుచేతకు వచ్చిన ఒక ఇంటివారి సత్‌లడాకు ఫోటోలు తీశాను. ఏడు పేటల ముత్యాలు, పచ్చలు పొదిగిన పతకం. పని ముగిసి అప్పగించేవేళ మునీమ్‌గారి ముఖం పాలిపోయింది. పతకం అంచున ఒక పచ్చ లేదు! గదిలో సేఠ్‌గారు, మునీమ్‌గారు, నేను, ఛాయ్ పళ్ళెంతో అప్పుడే లోపలికి వచ్చిన పన్నెండు, పదమూడేళ్ళ కుర్రవాడు. ఎవరూ మాట అనలేదు గాని, చూపులన్నీ వాడి మీదనే పడ్డాయి. మధ్యాహ్నం కూడా ఛాయ్ తెచ్చినవాడు వాడే. పళ్ళెంలో గ్లాసులు చప్పుడు చేయసాగాయి.

పొద్దున్న మూట విప్పగానే తీసిన ఫోటో పెద్దదిచేసి చూపించాను. ఆ గుంట అప్పుడే ఖాళీగా వున్నది. లోపలి లక్క నల్లబడి, దుమ్ము పట్టి వున్నది. పచ్చ ఊడి ఎన్ని ఏండ్లయిందో! మళ్ళీ తూచాము. పొద్దుటి చీటీకీ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

సేఠ్‌గారు ఆ ఫోటో వంక చాలాసేపు చూచి, “ఛాయ్ చల్లారిపోయింది, వేరే తీసుకురా బేటా” అన్నారు. వాడు మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. పైకి ఛాయ్ తెచ్చినవాడు మాత్రం వేరొకడు.

వారం తరువాత క్రింద ఛాయ్ దుకాణం ముందు వాడే కనిపించాడు. పైకి ఎందుకు రావడం లేదురా అని అడిగాను.

“మేడ మీదికి రాను సాబ్. కావాలంటే ఇక్కడ తాగండి” అన్నాడు.

ఇప్పుడు నేనే క్రిందికి దిగి తాగుతున్నాను, తూకం ముగిసి, దుప్పటి మడిచిన తరువాత.