తిండి హిసాబ్

కోహీర్ నుంచి హైదరాబాదుకు చదువుకు పోయే పిల్లల ఇళ్లలో ఎక్కువ బహస్ ఖానా మీదే నడుస్తుంది. ఫీజుకు రీయింబర్స్‌మెంట్ ఉంది, బస్సుకు పాస్ ఉంది. మూడు పూటల తిండికి మాత్రం అబ్బా జేబే దిక్కు. సర్కారీ హాస్టల్లో సీటు దొరికితే కొంత నయం. 2024 చివర్లో తెలంగాణ సర్కారు డైట్ చార్జీలు పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1500 ఉన్నది 2100 అయింది. అంటే రోజుకు 70 రూపాయలు. నాష్తా, రెండు పూటల అన్నం అన్నీ అందులోనే. ఇరానీ హోటల్లో ఒక్క ప్లేటు బిర్యానీకి కూడా అది చాలదు.

నేను ఉస్మానియాలో ఎంఏ చదివేటప్పుడు హాస్టల్ దొరకలేదు. ఐదుగురం కలిసి అడిక్‌మెట్‌లో గది తీసుకున్నాం. వంట మేమే. నెల మొదట్లో బియ్యం, కందిపప్పు, నూనె, గ్యాస్ పైసలు తీసి పక్కన పెట్టి, మిగిలింది 30తో భాగించేవాళ్లం. మా ఆబ్రూ కాపాడింది ఖట్టీ దాల్. ఎన్ని నీళ్లు పోసినా పాపం ఏమీ అనదు. జుమ్మా రోజు అర కిలో బడే కా ఖీమా, దాంట్లో ఆలుగడ్డలు దండిగా. మటన్ ముఖం చూసేది ఈద్‌కు ఇంటికొచ్చినప్పుడే. అమ్మీ కట్టిచ్చే కడక్ జొన్నరొట్టెలు, నువ్వుల చట్నీ పది రోజులు లాగేవి. సీజన్‌లో మా ఊరి జాంపండ్లు సంచి నిండా తీసుకుపోతే, కింది ఇంటి ఖాలా వాటికి బదులు పెరుగు ఇచ్చేది.

గదిలో ఒకతను సోమవారం, గురువారం నఫిల్ రోజాలు ఉండేవాడు. మాషాఅల్లా అనుకున్నాం. కొన్నాళ్లకు మంగళవారం కూడా చేరింది. అతనికి ఇంటి నుంచి పైసలు రావడం లేదని వేరే దోస్తు చెప్పాడు. అడిగితే అతని ఇజ్జత్ పోతుంది, అడక్కపోతే పస్తు. ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి అల్మారాలో పెట్టాం. ఎవరు ఎంత వేస్తున్నారో ఎవరూ చూడొద్దు, వంట ఖర్చు అందులోంచే. అతను అందులో వేశాడో లేదో ఎవరూ చూడలేదు. మంగళవారం రోజా మాత్రం ఆగింది.

ఈ ఏడు మా చెల్లికి పీజీ సీటు వచ్చింది. నా పాత హిసాబ్ అంతా ఒక కాగితం మీద రాసిచ్చాను. రమజాన్ దగ్గర "ఇఫ్తార్ మస్జిద్‌లో, ఖర్చు లేదు" అని ఉంది. ఆమె వేలు అక్కడే ఆగింది.

"భాయ్, అది మీకు. మాకు?"

నిజమే. ఆడపిల్లలకు ఆ దస్తర్‌ఖాన్ లేదు. తెల్లవారుజామున సహర్‌కు మెస్ తెరిచి ఉంటుందన్న భరోసా కూడా లేదు. ఖజూర్, అటుకులు, రాత్రే ఉడికించి పెట్టుకునే గుడ్లు కలిపి ఆ నెలకు 900 ఎక్కువ వేశాం.

అబ్బా కాగితం రెండుసార్లు చదివారు. పిల్ల కడుపు కట్టుకుని పైసలు మిగిలిస్తుందేమోనని ఆయన ఫికర్. అందుకే పదిహేను రోజులకోసారి పంపుతానన్నారు. చెల్లి ఒప్పుకోలేదు. నెల సామాను ఒకేసారి కొంటేనే సస్తా అంది.