మామయ్యగారి సైకిల్, అత్తయ్య సైకిల్

మా ఇంటికి వచ్చిన చుట్టాలు కాఫీ తాగి, ఇల్లంతా చూసి, వెనక సందులోకి వచ్చేసరికి ఆగిపోతారు. “ఇదేంటమ్మాయ్, సైకిల్ షాపు పెట్టావా?” అంటారు. షాపు కాదండీ, సరదా. కొంతమంది కుట్లూ అల్లికలూ చేస్తారు, కొంతమంది మేడ మీద మొక్కలు పెంచుతారు. నేను పాత సైకిళ్ళు బాగుచేస్తాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక, పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు దొరికే రెండు గంటలూ నావే. మా వారి పాత చొక్కా ఒకటి పైన తొడుక్కుని, స్పానర్లు ముందేసుకుని కూర్చుంటాను. ఆరేళ్ళలో ఏడు సైకిళ్ళు లేచి నిలబడ్డాయి.

మొదటిది మా మామయ్యగారిది. ఆయన తెనాలి దగ్గర పల్లెలో ఎలిమెంటరీ స్కూల్ టీచరు. 1974లో ఉద్యోగం వచ్చాక కొన్న మొదటి వస్తువు ఆ హెర్క్యులెస్ సైకిలేనట. 24 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, నిండు చైన్ కవర్. హెర్క్యులెస్ అన్నది ఇంగ్లాండు పేరే గానీ ఈ సైకిల్ తయారైంది మద్రాసు దగ్గర అంబత్తూరులో. 1949లో మురుగప్ప వాళ్ళు ఇంగ్లాండు కంపెనీతో కలిసి మొదలుపెట్టిన టీఐ సైకిల్స్ వాళ్ళది.

తర్వాత మోపెడ్ వచ్చింది, సైకిల్ గేదెల కొట్టంలోకి వెళ్ళింది. 2019లో మామయ్యగారు పోయాక, పెద్దకర్మ అయిన మర్నాడు కొట్టం ఖాళీ చేస్తూ మా మరిది పాత ఇనప సామాన్ల వాణ్ణి పిలిచాడు. “ఇరవై కిలోలుంటుంది వదినా, నాలుగొందలు వస్తాయి” అన్నాడు. అందులో అతని తప్పేమీ లేదు, చూడ్డానికి అది ఇనుములాగే ఉంది. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నారు గానీ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు నచ్చలేదు. “నేను తీసుకెళ్తా” అన్నాను. లారీ పార్సిల్లో వేయించి హైదరాబాదు తెచ్చుకున్నాం.

మా వీధి చివర వేపచెట్టు కింద సైకిల్ రిపేర్లు చేసే చాచా ఉండేవారు. దాన్ని చూసి, “ఇది ఓవరాయిలింగ్‌తో పోయేది కాదు బేటీ, మొత్తం ఖోలాలి” అన్నారు. “మీరు చెప్పండి చాచా, నేను విప్పుతా” అన్నాను. నవ్వారు గానీ స్పానరు చేతికిచ్చారు. నా చదువు అక్కడ మొదలైంది.

మొదటి పాఠం, విప్పినవన్నీ విప్పిన వరసలోనే పెట్టుకోవాలి. దానికి నా పాత పోపుల డబ్బాని మించింది లేదు. ముందు చక్రం సామాను ఒక గిన్నెలో, వెనక చక్రానిది ఒక గిన్నెలో. రెండో పాఠం, ఎడమ పెడల్ మర మిగతా వాటికి ఉల్టా. అది తెలియకపోతే ఎంత బలం పెట్టినా రాదు సరికదా, ఇంకా బిగుసుకుంటుంది. మూడోది కాటర్ పిన్ను. పెడల్ కడ్డీని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న మేకులాంటిది. ఏళ్ళ తరబడి తుప్పు పట్టి ఉన్నదాన్ని ఊరికే సుత్తితో బాదితే వంగిపోతుంది. రాత్రంతా కిరసనాయిలు పట్టించి, కడ్డీ కింద గట్టి ఆధారం పెట్టి, నట్టు పిన్ను కొన దాకా వదులు చేసి అప్పుడు కొట్టాలి. అది టక్కుమని కదిలిన రోజు నేను పడ్డ సంతోషం మా వారికి ఎంత చెప్పినా అర్థం కాలేదు.

ఇక బాల్స్. వెనక ఇరుసుకి ఒక్కో పక్క తొమ్మిది, పావు అంగుళంవి. ముందు దానికి ఒక్కో పక్క పది, కాస్త చిన్నవి. పాత గ్రీజు తుడిచేసి, కొత్త గ్రీజులో ముత్యాల్లా పేర్చి, కోన్ బిగించాలి. మరీ బిగిస్తే చక్రం తిరగదు, వదిలేస్తే ఊగుతుంది. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి చాచా చెప్పిన పద్ధతి నాకు భలే నచ్చింది. చక్రాన్ని గాలిలో పట్టుకుని వదిలేస్తే, గాలి కొట్టే వాల్వు బరువుకే అది మెల్లగా తిరిగి, వాల్వు కిందికి వచ్చి ఆగాలి. అంత తేలిగ్గా తిరగాలన్నమాట.

చక్రం బెండ్ తీయడం మాత్రం ఓపిక పని. సైకిల్‌ని బోర్లా నిలబెట్టి, చక్రం తిప్పుతూ రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుంటాను. వంకర ఉన్నచోట సుద్ద అంటుకుంటుంది. అక్కడ అవతలి పక్క స్పోకుని పావు చుట్టు బిగించాలి, ఇవతలిదాన్ని పావు చుట్టు వదలాలి. పావు అంటే పావే. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 స్పోకులు. ఒకదాన్ని ఎక్కువ లాగితే ఆ వంకర ఇంకోచోట తేలుతుంది. ఉమ్మడి కుటుంబంలో కాపరం చేసినవాళ్ళకి ఇది ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

తుప్పు వదిలించడానికి వంటింట్లోవే చాలు. చిన్న నట్లూ బోల్టులూ చింతపండు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, బ్రష్‌తో తోమి, కడిగి, వెంటనే తుడిచి నూనె రాస్తాను. తడి ఉంచితే గంటలో మళ్ళీ ఎర్రబడతాయి. మెరిసే హ్యాండిల్‌కీ రిమ్ములకీ అయితే చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితం. ఉండ చేసి నీళ్ళలో ముంచి రుద్దితే తుప్పు పోతుంది, పూత మీద గీతలు పడవు. తోలు సీటుకి మటుకు నూనె దట్టంగా పట్టించకండి, మెత్తబడి సాగిపోతుంది.

అలా నాలుగు నెలలు పట్టింది. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు, కొన్ని స్పోకులు, అన్నీ కలిపి మూడు వేల చిల్లర. ఈ రకం సైకిళ్ళు మన దేశంలో దశాబ్దాల పాటు పెద్దగా మారకుండా తయారవుతూ వచ్చాయి కాబట్టి సామాను ఇంకా దొరుకుతుంది. కొత్త షాపుల్లో లేనివి ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతుక్కుంటాను.

రంగు దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మట్టి కడిగాక నల్లరంగు మీద సన్నటి బంగారు గీతలు బయటపడ్డాయి. చైన్ కవర్ మీద ఎవరో పెయింటర్ చేత రాయించుకున్న మామయ్యగారి పేరు, కింద ‘టీచర్’ అని. మా వారు కొత్త పెయింట్ కొట్టించి హాల్లో గోడకి తగిలిద్దామన్నారు. “హోటళ్ళలో చూడు, ఎంత బాగుంటుందో!” అని. ఒక హోటల్ ఆయన అయితే పన్నెండు వేలిస్తాను, అమ్మమని కూడా అడిగాడు. నేను మాత్రం కడిగి, కార్లకి పూసే మైనం రాసి, ఉన్న రంగు ఉన్నట్టే ఉంచాను. రంగు పోయిన చోట్లు కూడా ఆయన అరిగేలా వాడినవే కదా.

2021లో అత్తయ్య దసరాకి వచ్చారు. సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, క్యారియర్ మీద చెయ్యి వేసి చూశారు. గోడకి తగిలించే మాట వినగానే, “గోడకి ఆయన ఫోటో ఉందిగా. సైకిల్‌ని కూడా వేలాడదీస్తారట్రా? తొక్కండి” అన్నారు కొడుకుతో. ఆ మాటతో చర్చ ముగిసింది. ఇప్పటికీ మా వారు పాలకీ కూరలకీ దాని మీదే వెళ్తారు.

అప్పుడే ఇంకో మాట బయటపడింది. నేను పని చేసుకుంటుంటే అత్తయ్య పీట వేసుకుని పక్కన కూర్చునేవారు. నేనడిగిన స్పానరు అందిస్తూ ఒకరోజు, “నేనూ ఒకప్పుడు నేర్పమని అడిగానే ఆయన్ని” అన్నారు. పెళ్ళయిన కొత్తలోనట. ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారో, తర్వాత చూద్దాంలే అన్నారట మామయ్యగారు. ఆ తర్వాత సినిమాకైనా ఆస్పత్రికైనా ఆ క్యారియర్ మీదే వెళ్ళారు. ఆవిడ నిష్ఠూరంగా చెప్పలేదు. కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా చెప్పారు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగు నెలలు నేను ఆ సైకిల్‌లో మామయ్యగారినే చూశాను. వెనక కూర్చున్న మనిషి గురించి మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ అనుకోలేదు.

“ఇప్పుడు నేర్చుకుంటారా అత్తయ్యా?” అని అడిగాను. “అరవై రెండేళ్ళకా!” అన్నారు. వద్దని మాత్రం అనలేదు.

ఎర్రగడ్డలో ఆడవాళ్ళ సైకిల్ ఫ్రేము ఒకటి దొరికింది, చక్రాల్లేకుండా. కొనేముందు అక్కడే పురికొస కట్టి చూశాను. ముందు హ్యాండిల్ గొట్టం నుంచి వెనక చక్రం బిగించే చోటిదాకా రెండు పక్కలా దారం లాగి, మధ్యలో సీటు గొట్టానికి ఎంత దూరం ఉందో కొలిస్తే, రెండూ సమానంగా ఉండాలి. లేకపోతే ఫ్రేము వంగినట్టు. ఇది సమానంగా ఉంది. చక్రాలు ఇంకో పాత సైకిల్‌వి, 26 అంగుళాలవి. చైన్ కవర్ మూడోదానిది. వెనక చక్రానికి చీర పడకుండా జాలీ కట్టాను. సీటు బాగా దించేసి, రెండు పెడళ్ళూ తీసేశాను.

పెడళ్ళు తీసేయడం పెద్దవాళ్ళకి నేర్పే పద్ధతే. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళూ నేలకి పూర్తిగా ఆనాలి. నడుస్తున్నట్టే నేలని తోసుకుంటూ పోవాలి. ముందు బ్యాలెన్సు వస్తుంది, తొక్కడం తర్వాత సంగతి.

మా వారు మండిపడ్డారు. “తుంటి ఎముక విరిగితే ఎవరు చూస్తారు? నీ సరదాకి మా అమ్మా దొరికింది?” అన్నారు. ఆ భయం అబద్ధం కాదు. అందుకే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఎముకలూ మోకాళ్ళూ చూపించాను. ఫర్వాలేదన్నారు. అయినా ఆయన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు అత్తయ్యే తేల్చేశారు. “అప్పుడు మీ నాన్న తర్వాత అన్నారు. ఇప్పుడు నువ్వు వద్దంటున్నావు. మధ్యలో నాకు తీరికెప్పుడు దొరికిందిరా?”

తెల్లవారుజామున అయిదింటికి కాలనీ గ్రౌండుకి వెళ్ళేవాళ్ళం. పంజాబీ డ్రెస్ వేసుకోమంటే ఒప్పుకోలేదు. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నారు. మొదటి వారం అంతా నేలని తోసుకుంటూ నడకే. తొమ్మిదో రోజు రెండు కాళ్ళూ ఎత్తి పది గజాలు జారారు. మర్నాడు పెడళ్ళు బిగించాను. పన్నెండో రోజు గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు తొక్కారు. పక్కన పరిగెడుతున్న నాకు ఆయాసం, ఆవిడకి నవ్వు. మా వారు గేటు దగ్గర నిలబడి చూశారు, ఏమీ అనలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ బెల్లు ఒకటి కొనుక్కొచ్చి ఆ సైకిల్‌కి తనే బిగించారు.

పండగయ్యాక సైకిల్ ఊరికి పంపనా అని అడిగితే అత్తయ్య వద్దన్నారు. “నా ముచ్చట తీరింది. మన పనమ్మాయి కూతురు కాలేజీకి రెండు ఆటోలు మారుతోందన్నావుగా, దానికియ్యి” అన్నారు. సీటు నాలుగంగుళాలు ఎత్తి ఇచ్చేశాను. ఇంటర్ రెండేళ్ళూ ఆ పిల్ల దాని మీదే వెళ్ళింది.

ఇదేదో మా ఇంటి వింత అనుకోకండి. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు పల్లెటూరి ఆడవాళ్ళు వేలమంది సైకిల్ నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళవే తొక్కారు. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళిచ్చింది, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు పెరిగారు. ఒక మనిషి ఎంత దూరం ఒంటరిగా వెళ్ళిరాగలదన్నది చాలాసార్లు రెండు చక్రాల మీదే ఆధారపడుతుంది.

ఆ తర్వాత నేను బాగుచేసినవేవీ గోడకెక్కలేదు. ఒక అట్లాస్ మా వాచ్‌మన్ దగ్గరుంది. ఒకటి టైలరు అక్క దగ్గర, ఒకటి మా అమ్మాయి ట్యూషన్‌కి. మెరుపు కంటే బ్రేకు ముందు చూస్తాను, ఎందుకంటే అది రోడ్డెక్కాలి.

మీ పుట్టింట్లోనో అత్తింట్లోనో మెట్ల కింద ఒక పాత సైకిల్ ఉండే ఉంటుంది. తూకానికి వేసేముందు ఒకసారి చక్రం ఎత్తి తిప్పి చూడండి. ఎవరు తొక్కేవారో అందరూ చెబుతారు. ఎవరికి తొక్కాలని ఉండేదో కూడా కాస్త అడగండి.