మందిరం వీధి దీపం

మన మండలంలోనే నేలటూరు దగ్గరున్న దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం దూరదూరాలకు కరెంటు పంపుతుంది. మన మందిరం వీధిలో ట్యూబులైటు మాత్రం వెలిగీ వెలగక కొట్టుకునేది. శుక్రవారం ప్రార్థన ముగిశాక ఒంటరిగా ఇంటికి పోతూ ఒక పెద్దమ్మ మురుగుకాలవలో పడింది. తుంటి ఎముక విరిగింది. స్తంభాన్ని తిట్టుకున్నాం గానీ, తోడుగా ఒక పిల్లవాణ్ణయినా పంపలేదని ఒప్పుకోవడానికి మాకు చాలా రోజులు పట్టింది.

2014లో హుద్‌హుద్ తుపాను దెబ్బతీశాక విశాఖ వీధులకు ఎల్‌ఈడీలు వేశారు. మన స్తంభానికి మొన్న పెట్టారు. 40 వాట్ల ట్యూబు పోయి 20 వాట్ల దీపం వచ్చింది, వెలుగు మాత్రం ఎక్కువే. సంతోషంగా ఆ కబురు చెప్పబోతే, మంచం మీదున్న పెద్దమ్మ, "కిటికీలోంచి కళ్లలో గుచ్చుతోంది అయ్యగారూ, కాస్త అవతలికి తిప్పించండి" అంది.

రేపు నిచ్చెన తెస్తానన్నాడు లైన్‌మన్.