పండుకు వాయిదా లేదు

మన దినపత్రికల జిల్లా పేజీల్లో ఏడాది పొడవునా కనిపించే వార్త ఒకటుంది: ఫలానా వారి పుట్టినరోజు సందర్భంగా ప్రభుత్వాసుపత్రిలో రోగులకు పండ్లు, బ్రెడ్ పంపిణీ. పెద్దల ఇంటికి, పసిపిల్లలున్న ఇంటికి, జబ్బుపడ్డ మనిషి దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్లకూడదని చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లం. ఆ మర్యాదే ఆసుపత్రి వార్డు దాకా వచ్చింది. అందులో మంచితనం ఉంది. అయితే మంచం మీదున్న మనిషికి షుగర్ ఉండొచ్చు. మర్నాడు ఆపరేషన్ ఉంది, ఏమీ తినొద్దని డాక్టరు చెప్పి ఉండొచ్చు. ఆ పూట అవసరం బయట కొనాల్సిన మందుకో, కళ్లజోడుకో, తోడొచ్చినవాళ్ల బస్సు ఛార్జీకో అయి ఉండొచ్చు.

పండ్లు పంచే బదులు అమ్మి, ఆ డబ్బును అవసరానికి ఇచ్చే దారి ఒకటుంది. అమెరికాలో చాలా ఊళ్లలో లయన్స్ క్లబ్బులు, హైస్కూల్ బ్యాండ్ బృందాలు, వ్యవసాయ విద్యార్థుల సంఘాలు సేవ కోసం పండ్లు అమ్ముతాయి. అక్కడ చలికాలంలో నారింజ, గ్రేప్‌ఫ్రూట్ కోతకొస్తాయి. క్రిస్మస్‌కు కొన్ని వారాల ముందే సభ్యులు పెట్టెల లెక్కన ఆర్డర్లు రాసుకుంటారు. లారీ రాగానే వాళ్లే దించి, ఎవరి పెట్టె వాళ్లకు అందిస్తారు. పండ్ల ఖరీదు పోగా మిగిలింది సేవకు వెళ్తుంది. 1925లో అంధ రచయిత్రి హెలెన్ కెల్లర్ స్వయంగా వచ్చి అడిగినప్పటి నుంచి లయన్స్ వారు చూపులేనివారికి తోడుగా ఉండటాన్ని తమ బాధ్యతగా తీసుకున్నారు.

ఈ పద్ధతికి హైదరాబాద్ శివార్లలోని మంఖాల్ చుట్టుపక్కల కంటే అనువైన చోటు నాకు కనపడదు. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైంది. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు, తుక్కుగూడ చుట్టూ కొత్త కాలనీలు వచ్చాయి. పండ్లు కొనగలిగే ఇళ్లు ఇక్కడున్నాయి. పండ్లు దొరికే చోటూ ఉంది: బెంగళూరు హైవే మీద షాద్‌నగర్ దాటి వెళ్తే బాలానగర్ వస్తుంది. సీతాఫలాల్లో పేరున్న రకానికి ఆ ఊరి పేరే. దసరా, దీపావళి రోజుల్లో ఆ దారి పొడవునా రోడ్డు పక్కన బుట్టలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుంటారు.

గుట్టల మీద, పొలం గట్ల మీద ఎవరూ నీళ్లు పెట్టని చెట్లు ఈ సీతాఫలాలవి. ఆకును మేక కూడా ముట్టదు. కాయ మీది బుడిపెల మధ్య గీతలు వెడల్పై, ఆ సందుల్లో లేత పసుపు కనిపిస్తే కన్ను తెరిచిందంటారు. అప్పుడే కోయాలి. ముందే కోస్తే గట్టిపడి నల్లబడుతుంది తప్ప పండదు. కోసిన కాయ రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. ఆ తర్వాత ఒక్క పూట ఆలస్యమైనా చేతిలోనే చితికిపోతుంది. అందుకే సాయంత్రానికి బుట్టలో మిగిలినవి వచ్చినంతకు ఇచ్చేసి వెళ్లాల్సి వస్తుంది. తెల్లవారుజామున ముళ్లల్లో పడి ఏరుకొచ్చిన కష్టానికి దక్కేది అంతే.

కాలనీ సంఘమో, క్లబ్బో దసరాకు వారం ముందు ఇంటింటికీ తిరిగి ఎవరికెన్ని కావాలో రాసుకుంటే ఈ నష్టం తప్పుతుంది. కావలసినన్నే కోస్తారు, కుళ్లేది ఉండదు. ఏరినవాళ్లకు బేరం ఆడకుండా పూర్తి ధర ముందే చేతిలో పెట్టాలి. సేవ పేరుతో వాళ్ల దగ్గర తగ్గించి తీసుకుంటే పేదవాళ్ల చేత విరాళం ఇప్పించినట్టే. ఆ పైన కొన్నవాళ్లు మనసారా కలిపిన సొమ్మే సేవానిధి. ఎంత వచ్చింది, ఏ అవసరానికి ఎంత వెళ్లింది అన్నది గేటు దగ్గరి నోటీసు బోర్డు మీద రాసిపెట్టాలి. వైద్యం అందుకున్నవాళ్ల పేర్లు, ఫొటోలు అక్కర్లేదు.

చందా అడిగితే వచ్చే నెల చూద్దాం అనగలం. పండు ఆ వెసులుబాటు ఇవ్వదు. కోసేవాళ్లు, మోసేవాళ్లు, కొనేవాళ్లు అంతా ఆ రెండు మూడు రోజుల్లోనే కదలాలి. మంచి పని చేయాలని ఉన్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లకు లేనిదల్లా ఒక తేదీ. సీతాఫలం ఆ తేదీ పెడుతుంది. అందుకే వచ్చే దసరాకు పంచడానికి పండ్లు కొనే ప్రతి సంఘాన్నీ నేను కోరేది ఒక్కటే: ఈసారి అమ్మి చూడండి. గుట్ట మీద కాయ కోసిన మనిషికీ, ఆసుపత్రి మంచం మీది మనిషికీ ఆ పండుగ చేరుతుంది.