పొగకో దారి

వికారాబాద్ జిల్లా ధారూర్ చుట్టుపక్కల ఊళ్లలో చలీ, కందికట్టే ఒకేసారి ఇల్లు చేరతాయి. తొలకరికి విత్తిన కంది డిసెంబరు, జనవరి నెలల్లో కోతకు వస్తుంది. కాయ కొట్టి గింజ తీసుకున్నాక మిగిలిన కట్టెను మోపులు కట్టి, ట్రాక్టరులో తెచ్చి ఇంటి వెనక గోడకు ఆనించి నిలబెడతారు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు దాని రుచి గురించి, నిల్వ గుణం గురించి, దాన్ని పండించే నల్లరేగడి గురించి చాలామంది మాట్లాడారు. ఆ పంటే ఇచ్చే కట్టె గురించి మాట్లాడిన వాళ్లు తక్కువ. ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లకు చలికాలపు వేడినీళ్లు ఇప్పటికీ ఆ కట్టె మీదే కాగుతాయి.

తెలంగాణలో చలి అనగానే అందరూ ఆదిలాబాద్ పేరే ఎత్తుతారు. వికారాబాద్ కూడా తక్కువ తిన్నది కాదు. సముద్రమట్టానికి 600 మీటర్లు పైబడిన ఎత్తు, పక్కనే అనంతగిరి అడవి, సంక్రాంతికి ముందు మబ్బు తునక లేని ఆకాశం. మబ్బు ఉంటే నేల వదిలిన వేడిని కొంత తిరిగి కిందికి పంపుతుంది. మబ్బు లేక, గాలిలో తేమ లేక, పగలంతా దాచుకున్న వేడిని నేల రాత్రికి రాత్రే ఆకాశానికి ఇచ్చేస్తుంది. అలాంటి రాత్రుల్లో ఇక్కడ ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. ఇళ్లలో పరిచింది తాండూరు బండ. మే నెల మధ్యాహ్నం ఒళ్లు చల్లబరిచే ఆ బండే జనవరి తెల్లవారుజామున కాలు కింద పెట్టనివ్వదు.

చలికి తొలి మంటలు నవంబరులోనే కనబడతాయి, ధారూర్ మెథడిస్టు జాతరలో. తెలంగాణ నుంచే కాక కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా జనం సంసారాలతో తరలివచ్చి, చెట్ల కింద గుడారాలు వేసుకుని రోజుల తరబడి ఉండిపోతారు. 1874లో వాడి జంక్షన్ నుంచి హైదరాబాదుకు పడ్డ రైలు మార్గం మీదే ధారూర్ స్టేషను ఉంది. ఇప్పటికీ చాలామంది మూటాముల్లెతో అక్కడే దిగుతారు. మూడు రాళ్లు, ఒక గంజు, నాలుగు కట్టెలు ఉంటే వంటిల్లు తయారు. రాత్రి ప్రార్థనలు అయ్యాక ఆ పొయ్యిల చుట్టూనే పిల్లలు ముడుచుకుని పడుకుంటారు. ఆరుబయట కాబట్టి పొగ ఎటు పోతుందోనన్న చింత ఉండదు.

ఊళ్లో నెగడు సంగతి కూడా అంతే. తెల్లవారుజామున పాలు పోసి వచ్చేవాళ్లు, మొదటి బస్సుకు పోయేవాళ్లు, నిద్రపట్టక లేచిన ముసలివాళ్లు మూల మీద పోగవుతారు. ఎవరో చీపురు పుల్లలు, ఎండుటాకులు వేసి అంటిస్తారు. దారిన పోయేవాణ్ణి ఎవరూ ఊరికే పోనివ్వరు. "ఇటు రా బిడ్డా, జెరంత కాగిపో" అని జరిగి చోటిస్తారు. ఆ చోటుకు కులం అడ్డు రాకపోవడం నేను గౌరవించే విషయం. పగలు ఒక అరుగు మీద కూర్చోని మనుషులు కూడా అక్కడ చేతులు చాపి ఒకే సెగకు కాగుతారు. ఈమధ్య ఆ మంటల్లో పాత టైర్లు, ప్లాస్టిక్ కవర్లు వేస్తున్నారు. ఇది మాత్రం మానాలి. కందికట్టె పొగే ఊపిరితిత్తులకు మంచిది కాదు, టైరు పొగ విషమే. కాగేవాళ్లలో సగం మంది ముసలివాళ్లు, పిల్లలు.

కట్టె గురించి తెలిసినవాళ్లు దాని పేరు చెప్పి మాట్లాడతారు. కందికట్టె బొటనవేలి లావు ఉంటుంది, లోపల తేలిక. అగ్గిపుల్ల చూపిస్తే చాలు అంటుకుంటుంది, చిటచిటలాడుతూ మండుతుంది, చూస్తుండగానే అయిపోతుంది. నిప్పు నిలవదు. పత్తికట్టె కూడా దాదాపు అంతే. తుమ్మ మొద్దు అలా కాదు. అంటుకోవడానికి సతాయిస్తుంది, అంటుకుంటే రాత్రంతా కణకణలాడుతుంది. అందుకే మా వైపు ఆడవాళ్లు కందికట్టెతో పొయ్యి రాజేసి, తుమ్మకట్టెతో నిలబెడతారు. తూకం వేసి చూస్తే మాత్రం ఏ కట్టె అయినా బాగా ఎండాక కిలోకు ఇచ్చే వేడి ఇంచుమించు ఒకటే, 4,000 కిలోకాలరీల చుట్టూ ఉంటుంది. అసలు తేడా తేమలో ఉంది. కొట్టిన వెంటనే పచ్చి కట్టెలో సగం దాకా నీరే ఉండవచ్చు. ఆ నీటిలో ప్రతి కిలోనూ ఆవిరి చేయడానికే 600కు పైగా కిలోకాలరీలు ఖర్చయిపోతాయి. అంతేకాక మంట చల్లబడి, కాలవలసిన వాయువులు కాలకుండానే పొగై పోతాయి. కట్టె బరువులో సుమారు నాలుగో వంతు పోగా మిగిలినదంతా వేడి తగలగానే వాయువుగా మారేదే. పచ్చని నాలుకలతో మండేది ఆ వాయువే. కంటిని మండించే పొగంతా కాలకుండా మిగిలిన కట్టె. పొగ ఎక్కువ వస్తోందంటే కట్టెలు వృథా అవుతున్నట్టే లెక్క. వానకు తడవకుండా రేకు కింద, గాలి ఆడేలా నేలకు కాస్త ఎత్తున పేర్చి ఒక ఎండాకాలం దాటించిన మొద్దు సగం పొగను తగ్గిస్తుంది.

ఆ సెగను పోనివ్వకుండా పట్టుకునే ఉపాయాలు మన పాతవాళ్లకు బాగా తెలుసు. వంట పొయ్యి వెనక పొంత కట్టి, అందులో నీళ్లకుండ కూర్చోబెట్టేవారు. అన్నం ఉడికేలోపు వృథాగా పోయే వేడితోనే స్నానాల నీళ్లు గోరువెచ్చనయ్యేవి. ఇంకా తెలివైనది రాగి బాయిలర్. పాత ఇళ్లలో స్నానాల గది పక్కన ఇప్పటికీ అక్కడక్కడా కనబడుతుంది. నిలువు పీపా, నడుమ పైనుంచి కిందికి ఒక గొట్టం, గొట్టం అడుగున జల్లెడ. బొగ్గులో, కట్టె పేళ్లో ఆ గొట్టంలో వేసి అంటిస్తారు. చుట్టూ నీళ్లే కాబట్టి సెగ ఎటూ తప్పించుకోలేదు. గొట్టమే పొగగొట్టం కూడా. పైన గరాటులో ఒక చెంబు చన్నీళ్లు పోస్తే పక్కన కొమ్ములోంచి చెంబెడు వేడినీళ్లు దూకుతాయి. మూడు రాళ్ల పొయ్యి మీద కట్టెలోని వేడిలో పదో వంతుకు కాస్త పైన మాత్రమే గిన్నెకు చేరుతుంది. ఇరవై లీటర్ల బకెట్టు నీళ్లు స్నానానికి కాగాలంటే 500 కిలోకాలరీలు కావాలి. అంటే ఆరుబయటి పొయ్యి మీద బకెట్టుకు కిలో కట్టె. మంచి బాయిలర్ అయితే అందులో సగంతో గడిచిపోతుంది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం పల్లెలకు గ్యాసు పొయ్యిలు తెచ్చి వంటింట్లో పొగను చాలావరకు తగ్గించాయి. అది చిన్న మేలు కాదు. అయినా చలికాలం నీళ్లకు సిలిండరు ఖర్చు పెట్టడానికి ఎవరికీ చేయి రాదు. పెరట్లో కట్టెల పొయ్యి అలాగే ఉండిపోయింది.

ఇంతవరకూ బయటి మంటల సంగతి. ఇంట్లోకి నిప్పు తెచ్చుకునే సందర్భం మనకు ముఖ్యంగా ఒకటే, బాలింత గది. పురుడు పోసిన ఇంట్లో మంచం కింద కుంపటి పెడతారు. దాని మీద సాంబ్రాణి, వాము వేస్తారు. స్నానం చేసిన తల్లి జుట్టు ఆరాలి, పసిబిడ్డకు చలి తగలకూడదు. తరతరాలుగా వస్తున్న ఈ పద్ధతిని మూఢనమ్మకమని కొట్టిపారేయను. నెలలు నిండని బిడ్డకు ఒంటి వేడి నిలవడం ప్రాణంతో సమానమని డాక్టర్లూ చెబుతారు.

ఆ పద్ధతి పుట్టిన ఇల్లు మాత్రం ఇప్పుడు లేదు. అప్పటి గోడలు మట్టివి, పైకప్పు గూన పెంకులది. పెంకుకూ పెంకుకూ మధ్య సందుల్లోంచి పొగ తనంతట తాను పైకి వెళ్లిపోయేది. మసి పట్టి నిగనిగలాడే దూలాలకు చెద దరిచేరేది కాదు. విత్తనానికి ఉంచిన జొన్నకంకుల్ని పొయ్యి మీద వాసానికి వేలాడదీసేవారు, పొగ తగిలిన గింజకు పురుగు పట్టదని. ఇల్లే పొగగొట్టంగా ఉండేది. ఇప్పుడు అదే కుంపటిని స్లాబు ఇంట్లో పెడుతున్నాం. పైన కాంక్రీటు, కిటికీకి జారే అద్దాలు, తలుపు కింద చలిగాలి రాకుండా గోనెపట్టా. గాలి రావడానికి దారి లేదు, పోవడానికీ లేదు.

పైగా కుంపటిలో ఉన్నవి బొగ్గులు. పొగ రాదు. పొగ వస్తే దగ్గొస్తుంది, కళ్లు మండుతాయి, మనిషి లేచి తలుపు తీస్తాడు. ఎర్రగా కనబడే నిప్పుల మీంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కాస్త వాంతి వచ్చినట్టు ఉండటం, ఆ తర్వాత మగత. చలికి ముసుగు తన్ని పడుకున్నవాళ్లకు ఆ మగతకూ నిద్రకూ తేడా తెలియదు. ఉత్తరాదిన మూసిన గదిలో అంగీఠీ పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి విగతజీవులై కనబడిన వార్తలు ప్రతి చలికాలమూ చదువుతున్నాం. బాలింత రోజంతా ఆ గదిలోనే ఉంటుంది. బిడ్డ శ్వాస వేగం పెద్దవాళ్లకన్నా ఎక్కువ. పెద్దమ్మలు ప్రేమతో పెట్టే కుంపటి వాళ్లిద్దరికే అందరికంటే ముందు హాని చేస్తుంది.

కట్టెతో ఇంటిని వెచ్చబరచుకునే దేశాలు ఈ పాఠాన్ని ఎప్పుడో నేర్చుకున్నాయి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740ల్లో ఇనుప పొయ్యి చేసినప్పుడు ఆయన పట్టుదలంతా సెగ గదిలో ఉండాలి, పొగ బయటికి పోవాలన్నదే. కశ్మీరులో, లద్దాఖ్‌లో గది నడుమ ఉండే బుఖారీ కూడా అదే సూత్రం, రేకు పొయ్యికి కప్పు దాటి పైకి పోయే గొట్టం. ఈ కాలపు కట్టె పొయ్యిల్లో లోపల వేడిని పట్టి ఉంచే ఇటుకలు పరుస్తారు, మంట పైభాగానికి వేడిచేసిన గాలిని మళ్లీ పంపి పొగను కూడా కాల్చేస్తారు. అమెరికాలో కొత్త పొయ్యి గంటకు 2 గ్రాములకు మించి పొగ రేణువులు వదలకూడదని 2020 నుంచి నిబంధన, మొద్దులు వేసి పరీక్షిస్తే మాత్రం రెండున్నర దాకా ఒప్పుకుంటారు. చలిదేశాలకు వెళ్లిన మనవాళ్లు అలాంటి పొయ్యి పెట్టించుకునేటప్పుడు అక్కడి మనిషి ముందు చూసేది గొట్టాన్నే. గొట్టం తిన్నగా ఉందా, కప్పు కన్నా ఎత్తుకు పోయిందా, లోపల జిడ్డు మసి పేరుకుందా అని. ఆ మసి అంటుకుంటే ఇల్లే తగలబడుతుంది.

ధారూర్‌లో ప్రతి ఇంటికీ అలాంటి ఇనుప పొయ్యి కావాలని నేను అనను. మన చలి రెండు నెలల చలి, అదీ రాత్రుల చలి. అనంతగిరి చుట్టూ, కోట్‌పల్లి చెరువు వైపు ఫాంహౌసులు కట్టుకుంటున్నవాళ్లు మాత్రం గదిలో మంట పెట్టుకోవాలని ముచ్చటపడితే ముందు గొట్టానికి డబ్బు పెట్టాలి, తర్వాతే పొయ్యి అందానికి. అనంతగిరి మీద నిజాం కాలంలో క్షయ ఆసుపత్రి కట్టింది అక్కడి గాలిని నమ్ముకునే. ఊపిరి బాగుపడాలని మనుషుల్ని ఆ కొండ మీదికి పంపారు. ఆ కొండ కిందే పొగ నిండిన వంటిళ్లలో ఆడవాళ్లు ఊదుగొట్టం పట్టుకుని బతుకంతా దగ్గుతూ గడిపారు. వాళ్ల దగ్గును వయసు దగ్గని, చలి దగ్గని సరిపెట్టుకున్నాం. అందుకే పెరట్లో నీళ్లపొయ్యికైనా సరే, ఒక సిమెంటు గొట్టం కప్పు మీదికి లేపమని చెబుతాను. మేస్త్రీకి అది ఒక పూట పని.

ఈ చలికాలం మీ ఇంట్లో బాలింత ఉంటే గది వెచ్చగా ఉంచండి. మంచం కింద బండ మీద గోనెపట్టా, దాని మీద గొంగడి పరవండి. బిడ్డను తల్లి ఒంటికి ఆనించి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి, తలకు టోపీ పెట్టండి. సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి పక్క వెచ్చబరచి, బిడ్డను పడుకోబెట్టే ముందు ఆ సీసా తీసేయండి. సాంబ్రాణి వేయాలనుకుంటే తల్లీబిడ్డా పక్క గదిలో ఉండగా, తలుపులు కిటికీలు తెరిచి వేయండి. ఆ పని కాగానే కుంపటిని వాకిట్లోకి తెచ్చి నీళ్లు చల్లి ఆర్పండి. ఎంత చలిగా ఉన్నా సరే, నిప్పులున్న గదికి గడియ పెట్టి ఎవరినీ పడుకోనివ్వకండి.