గాలి పరీక్ష

కల్లములో జొన్నలను తూర్పారబట్టునపుడు గాలి పొట్టును దూరముగా విసరి, గింజను కాళ్లయొద్దనే విడుచుట మన కడప, కర్నూలు సీమల స్త్రీలందఱు నెఱిగినదే. ఆకారమును, బరువును బట్టి గాలి వస్తువులను వేర్వేఱుగా నెట్టును. విమానశాస్త్రజ్ఞులు చేయు పరీక్షయు నిట్టిదియే.

విమానము గాలిలో పరుగెత్తినను, నిలిపియుంచిన విమానముపైకి గాలిని తోలినను ఒత్తిడి యొక్కటియే. కావున గాలి సొరంగములో చిన్న నమూనాను నిలిపి, దానిపై బడు బలములను కొలుతురు. 1901వ సంవత్సరమున అమెరికాలో రైటు సోదరులు ఆఱడుగుల పెట్టెనే సొరంగముగా జేసి, సుమారు 200 చిన్న రెక్కలను పరీక్షించిరి. రెండేండ్లకు వారి విమానము ఎగిరెను. హైదరాబాదున 2020లో, ధ్వనికంటె 5 మొదలు 12 రెట్ల వేగమును కల్పింపగల సొరంగము ప్రారంభమైనది.

మా అక్క కూతురు మా జిల్లాలోనే ఇంజనీరింగు చదువుచున్నది. కళాశాలలోని చిన్న సొరంగమునకై ఆమెకు రెక్క నమూనా యొకటి కావలసివచ్చెను. లోహముతో చెక్కించిన వారములు పట్టును, వ్యయము నెక్కువ. అందుచే త్రీడీ ముద్రణయంత్రమున జేసినది. మురుకుల గొట్టమునుండి పిండి దిగినట్లు, కరగిన ప్లాస్టికు దారము పొరమీద పొరగా పడి ఒక్క రాత్రిలో రెక్క తయారైనది. పొరల గీతలు గాలి నడకను చెఱచును గనుక మఱునాడు ఉప్పుకాగితముతో రుద్ది నునుపు చేసినది. అయినను గాలి వేగము హెచ్చగనే రెక్క మొదలంట విఱిగెను.

ఇంటి పెద్దలు కొందఱు, "ఆడపిల్లకు తగని పని యని తేలినది గదా! ఇక సంబంధము చూడవచ్చును" అనిరి. బాలిక మాత్రము విఱిగిన తునకను నాకు చూపి, "చిన్నమ్మా! నిలువుగా ముద్రించుటచే పొరల యతుకు వద్దనే ఊడినది. రెక్కను పండబెట్టి ముద్రించి, లోపల ఉక్కుకడ్డీ నుంచెదను" అనెను. రెండవది కొంత వంగెను. మూడవది నిలిచెను.

మహావేగములకు ఈ ప్లాస్టికు చాలదు. అచట లోహమే కావలయును. కాని లోపమును త్వరగా, చౌకగా బయటపెట్టి దిద్దుకొననిచ్చుట దీని మేలు. వాన తప్పి మొలక యెండిన చేనును మన రైతులు మరల విత్తుదురు. తప్పిన కుమారునిచేత మరల పరీక్ష వ్రాయింతుము. కుమార్తెకు మాత్రము మొదటి ఓటమియే కడపటి తీర్పు కావలయునా?

మా బావగారు ఆలోచించి, చదువు ముగియువఱకు సంబంధముల మాట తలపెట్టవలదని పెద్దలకు చెప్పిరి. ప్రతి యింటను అట్టి మాట వినబడుగాక!